కాటాకూ కంప్యూటర్‌కూ నడుమ

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మార్కెట్లలోకి కంప్యూటర్ వచ్చిన తీరు రాసేవాళ్లు సాధారణంగా 2016 ఏప్రిల్ 14న, జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ అయిన ఈ-నామ్ మొదలైన రోజు దగ్గర కథ ఎత్తుకుంటారు. ఇంకాస్త వెనక్కి వెళ్లేవాళ్లు మార్కెట్ ధరలు తెలపడానికి 2000లో వచ్చిన అగ్‌మార్క్‌నెట్‌ను తలుచుకుంటారు. ఇంటర్నెట్ పల్లెలకు ఆలస్యంగా చేరింది కాబట్టే తూకం లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కడమూ ఆలస్యమైందని ఇద్దరూ చెబుతారు. ఈ మాట నిలవదు. కాటాను కంప్యూటర్‌కు కలపడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. దానికి కావలసిన తీగ, సాఫ్ట్‌వేర్ రెండూ ఈ-నామ్‌కు దాదాపు ఇరవై ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. ఆలస్యానికి కారణం వేరే చోట ఉంది.

తొలి దశలు అందరికీ తెలిసినవే. ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో టెలిప్రింటర్లనూ మోడెమ్‌లనూ కలపడానికి పుట్టింది. 1969 నాటి సవరణతో స్థిరపడింది. పర్సనల్ కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల కామ్ పోర్టుగా, అంటే సీరియల్ పోర్టుగా, అదే కుదురుకుంది. ఎలక్ట్రానిక్ కాటాల్లో లోడ్ సెల్ మీద పడిన బరువును అంకెగా చూపే ఇండికేటర్ డబ్బాకు కూడా అదే పోర్టు పెట్టారు. ఇక 1997 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 2217 పేరుతో ఒక పద్ధతి వెలువడింది. దూరంగా, నెట్‌వర్క్ అవతల ఉన్న సీరియల్ పోర్టును కూడా సొంత కంప్యూటర్ పోర్టులాగే వాడుకునే దారి అది చూపింది. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఒక ఉత్తుత్తి కామ్ పోర్టును సృష్టిస్తుంది. పాత ప్రోగ్రాము తన పక్కనే కాటా ఉందనుకుని అంకెలు చదువుకుంటుంది, ఆ ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

అసలు పరిశీలించవలసింది ఆ తర్వాతి కాలాన్ని. జిన్నింగ్ మిల్లుల వేబ్రిడ్జిలు కంప్యూటర్‌తో సులువుగానే కలిశాయి. పత్తి ట్రాక్టర్ లోడుతో ఎక్కుతుంది, ఖాళీ అయ్యాక మళ్లీ ఎక్కుతుంది. రెండు తూకాల తేడాను కంప్యూటరే తీసి చీటీ ముద్రిస్తుంది. విజువల్ బేసిక్‌లో సీరియల్ పోర్టును చదివే ఎంఎస్‌కామ్ అనే చిన్న భాగం సిద్ధంగా దొరికేది కనుక ఈ పని మామూలు ప్రోగ్రామర్లకూ అందుబాటులోకి వచ్చింది. అదే పని మార్కెట్ యార్డులో బస్తా కాటా దగ్గర ఎందుకు అంత తేలిగ్గా జరగలేదు? మిల్లులో కాటా కొనేవాడిది. సరుకు కొన్న డబ్బు అతనిదే కాబట్టి తన గుమాస్తా రాసే అంకె మీద అతనికే అనుమానం ఉంటుంది. తీగ వేయించుకునే అవసరం, స్తోమత రెండూ అతనికున్నాయి. యార్డులో అలా కాదు. కాటా దగ్గర చీటీ మీద రాసిన అంకెను ఆ తర్వాత ఎవరో ఆఫీసులో కంప్యూటర్‌కు ఎక్కించే పద్ధతిలో కమీషన్ ఏజెంటుకు గానీ, వ్యాపారికి గానీ ఇబ్బంది లేదు. నష్టపోయేది రైతు ఒక్కడే, కాటా కొనేది మాత్రం అతను కాదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై, నలభై అయిదు కిలోలుంటుంది. ఒక్కో టిక్కీకి అర కిలో జారినా వంద టిక్కీలకు అరక్వింటా పోయినట్టే.

దీనికి వచ్చే అభ్యంతరాలను కొట్టిపారేయకూడదు. సీజన్‌లో గుంటూరు యార్డుకు ఒక్కరోజులో లక్ష టిక్కీలు దాటి రావడం కద్దు. ఆ వేగానికి కంప్యూటర్ తట్టుకోదని ఒక వాదన. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 9600 బిట్ల వేగంతో ఇండికేటర్ దాదాపు 960 అక్షరాలు పంపగలదు. పదహారు అక్షరాల తూకం వరస సెకనులో అరవయ్యో వంతులో చేరిపోతుంది. ఆలస్యమయ్యేది చేత్తో రాసి, మళ్లీ చేత్తో ఎక్కించే చోటనే. దూరం గురించిన అభ్యంతరం నిజమైనదే. ఆర్‌ఎస్-232 తీగను పదిహేను మీటర్లకు మించి లాగకూడదన్నది పాత సూత్రం, యార్డు షెడ్డు అంతకన్నా చాలా పొడుగు. అయితే అదే కోవకు చెందిన ఆర్‌ఎస్-485 ప్రమాణపు తీగ పన్నెండు వందల మీటర్లు పోతుంది. లేదంటే ఒక చిన్న కన్వర్టర్ డబ్బా ఆ తూకాన్ని నెట్‌వర్క్ తీగ మీదికి ఎక్కిస్తుంది. కరెంటు పోవడం, మిర్చి ధూళి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మొరాయించడం కూడా నిజమే. కామ్ పోర్టు లేని కొత్త కంప్యూటర్లకు వాడే చవక యూఎస్‌బీ తీగలు చాలామందిని ఏడిపించాయి. 2014లో ఆ తీగల్లోని చిప్పులు తయారుచేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ చిప్పులున్న తీగలను ఏకంగా పనికిరాకుండా చేసింది. ఇవన్నీ మరమ్మతుకు లొంగే చిక్కులు. ఇరవై ఏళ్ల జాప్యాన్ని వీటి ఖాతాలో వేయలేం. కాటాకు తూనికల శాఖ ముద్ర ఉంది కదా, ఇంకేం కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ముద్ర కాటాకే పూచీ. చీటీ మీద ఎక్కిన అంకెకు దానితో సంబంధం లేదు.

ఇదే రాష్ట్రంలో చౌక దుకాణాలకు 2015 నుంచి ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి, వాటికి ఎలక్ట్రానిక్ కాటాలను జోడించారు. ఈ జోడింపును ప్రోత్సహిస్తూ కేంద్రం 2021లో ఆహార భద్రత నిబంధనలు సవరించింది. కిలోల లెక్కన బియ్యం తూచే చోట సాధ్యమైనది లక్షల రూపాయల మిర్చి తూచే చోట సాధ్యం కాదనడం నమ్మదగ్గ మాట కాదు. తూకం యంత్రాలను జోడించే వీలు ఈ-నామ్‌లోనూ ఉంది. కానీ ధర తెర మీద పాడుకుని, బరువు చీటీ మీద రాసుకుంటే అది సగం సంస్కరణే. క్వింటా ధరలో పది రూపాయల తేడాకు గొడవపడే చోట బరువులో తేడాను గాలికి వదిలేయడం తప్పు.

తీగ వేసినంత మాత్రాన న్యాయం జరిగిపోదని కూడా ఒప్పుకోవాలి. చేత్తో అంకె కొట్టే వీలు ప్రోగ్రాములో మిగిల్చితే తీగ ఉన్నా లేనట్టే. తూకం ఇంకా నిలవకముందటి అంకెను పట్టుకున్నా మోసమే. చాలా ఇండికేటర్లు తూకం నిలిచిందా లేదా అన్న గుర్తును కూడా అంకెతోపాటు పంపుతాయి, ఆ గుర్తును సాఫ్ట్‌వేర్ పట్టించుకోవాలి. కనుక మార్కెట్ కమిటీలు కొత్త తెరలు కొనే ముందు మూడు పనులు చేయాలి: ప్రతి బస్తా కాటాను లాట్ నంబరుకు కలపాలి, ఇండికేటర్ పంపిన వరసను ఉన్నదున్నట్టు భద్రపరచాలి, ఆ అంకెలున్న చీటీని రైతు యార్డు దాటకముందే అతని చేతిలో పెట్టాలి.