ఎకరం చేను, మూడు సెంట్ల స్థలం – కెమెరా కన్ను కథ

2008లో నా పదవీ విరమణ సభ సాయంత్రం వేళ జరిగింది. మా అబ్బాయి జేబులో పట్టే డిజిటల్ కెమెరాతోనూ, ఒక మిత్రుని కుమారుడు పెద్ద ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతోనూ గ్రూపు ఫోటో తీశారు. రెండూ 12 మెగాపిక్సెల్స్‌వే. మరుసటి ఏడు ఆ వరుసలోని మిత్రుడొకరు కాలం చేశారు. గోడకు పెట్టుకోవడానికి ఫోటో కావాలని వారి అమ్మాయి అడిగితే, మావాడు తీసినది పెద్దది చేయించాము. ముఖం మీద ఇసుక చల్లినట్లుంది. రెండవ ఫోటోయే పనికివచ్చింది. అంకె ఒకటే అయినా ఈ తేడా ఎందుకు?

దీని వెనుక చరిత్ర ఉంది. జర్మనీలోని లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును వాడి చిన్న కెమెరా తయారుచేశాడు. సినిమా బొమ్మ కొలత 24×18 మి.మీ. దానిని రెట్టింపు చేసి 36×24 మి.మీ. చేశాడు. 1925లో ‘లైకా’ పేరుతో ఆ కెమెరా అమ్మకానికి వచ్చింది. మనమంతా వాడిన ఫిల్ము రోలు కొలత అదే.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సి.సి.డి.ని కనిపెట్టారు. కాంతిని విద్యుత్తుగా మార్చి బొమ్మగా చదివే ఈ సాధనానికే 2009లో వారికి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ దీనితో తొలి డిజిటల్ కెమెరా చేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపుపైకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది!

సిలికాన్ పలకపై పెద్ద ముక్కలు కొన్నే వస్తాయి. చిన్న లోపమున్నా ముక్క మొత్తం వృథా. అందుకే ఫిల్మంత సెన్సర్ గల కెమెరాలు 2002లో గాని బజారుకు రాలేదు. వాటిలో కానన్ కెమెరా ధర దాదాపు 8,000 డాలర్లు. సామాన్యులకు దక్కిన చిన్న కెమెరాల్లో సెన్సర్ సుమారు 6×4.5 మి.మీ. మాత్రమే.

ఫుల్‌ఫ్రేమ్ ఎకరమైతే చిన్నది మూడు సెంట్లు. రెండింటినీ 1 కోటి 20 లక్షల గడులుగా విభజిస్తే మూడు సెంట్లలోని గడి ఎంత ఇరుకో ఊహించండి. వానలో పెట్టిన గంగాళానికీ, ఉగ్గుగిన్నెకూ ఉన్న తేడాయే ఇది. మిట్టమధ్యాహ్నం వెలుగు కుండపోత గనుక చిన్న గిన్నే చాలు. ట్యూబ్‌లైట్ కింద అది చినుకు. అందిన ఆ కొంచెం వెలుగును కెమెరా పెంచి చూపబోతే మచ్చలూ పెరుగుతాయి.

ఇప్పుడు చిన్న కెమెరాల స్థానాన్ని సెల్‌ఫోన్ చాలావరకు ఆక్రమించింది. దాని సెన్సరూ చిన్నదే. పలుమార్లు తీసిన బొమ్మలను లెక్కకట్టి కలిపి లోటు కొంత పూడుస్తుంది. కనుక మిత్రులారా, మెగాపిక్సెల్స్ అంకె చూసి పెన్షను డబ్బు ఖర్చు పెట్టకండి. గ్రూపు ఫోటో తీయించేటప్పుడు అందరినీ పొద్దుండగానే వరండాలోకి పిలవండి. ఆ వరుస మళ్లీ అలాగే కుదురుతుందని ఎవరు చెప్పగలరు?