విశాఖ తర్జుమా, భిలాయి చదువరి

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు దుర్గ్ జిల్లాలో నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఖనిజం నుంచి ముడి ఇనుము తీసే కొలిమిని, ప్రారంభించుకున్న భిలాయి ఉక్కు కర్మాగారం దేశం నలుమూలల నుంచి పనివారిని రప్పించింది. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానంతో అప్పటికే కలిపి ఉండడం తెలుగువారి వలసకు దారి సుగమం చేసింది. వారిలోని క్రైస్తవులు వెంట తెచ్చుకున్న బైబిలులో మొదట అచ్చయిన భాగాలు తయారైనది కూడా ఆ ఉత్తరాంధ్రలోనే. వాక్యం మారరాదని నమ్మే భక్తులకు దాని తెలుగు రూపం ఎన్ని చేతులు మారిందో పెద్దగా తెలియకపోవడం సహజమే.

ఆ భాగాలు అచ్చు కావడానికి చాలా ముందే హాలే నగరపు లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో చేసిన తెలుగు అనువాదం రాతప్రతిగానే మిగిలిపోయింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్‌లకు తోడు దొరికిన ఆనందరాయర్ కథ ఈ చరిత్రలో అన్నిటికంటే ఆలోచింపజేసేది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అతడు జపతపాలతో మనశ్శాంతి దొరకక ముందు కతోలిక మతంలో చేరి, అక్కడా సంశయం తీరక తరంగంబాడిలోని ప్రొటెస్టెంట్ మిషనరీల వద్దకు వెళ్లి, వారి తమిళ బైబిలు చదివి తన దారి తాను ఎంచుకున్నాడు. ఒక భాషలో చదివి ఒప్పుకున్న దానిని మరో భాషలో చెప్పే పని ఆ తరువాత అతని మీద పడింది. తమిళ పాఠాన్ని చూసి అతడు తెలుగు చేయగా దొరలు దానిని సరిచూసేవారు. మిషన్ రాతలు అతణ్ణి సహాయకుడిగానే లెక్కించాయి గానీ, పని జరిగిన తీరును బట్టి ఆ లెక్క న్యాయమైనది కాదు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించగా, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.

అవి నిలిచింది కొద్దికాలమే. 1818 ప్రాంతంలో శ్రీరాంపూర్ మిషనరీల కొత్త నిబంధన, మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన మరో కొత్త నిబంధన వెలువడ్డాయి, సి.పి. బ్రౌన్ కూడా ఈ పనిలో చేయి పెట్టాడు. 1854లో సంపూర్ణ బైబిలు వచ్చాక జాన్ హే వంటి మిషనరీలు దశాబ్దాల పాటు దిద్దుబాట్లు సాగించారు. ప్రతి తరమూ ముందరి పాఠాన్ని చాలదనుకున్నదన్నమాట. ఈనాడు ఎవరైనా అనువాదాన్ని శంకిస్తే అపచారంగా భావించే సంఘాలు ఈ వరుసను గమనించవలసి ఉంది.

అయితే అనువాదకుల సందేహం వేరు, చదువరి స్వాతంత్ర్యం వేరు. లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి 1938లో బైబిలు మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు, విశ్వాసి దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టి తన సందేహాన్ని నేరుగా ఆయననే అడగవచ్చునని బోధించాడు. సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో కొత్త నిబంధన చదివి క్రైస్తవుడైన భక్త్ సింగ్, 1941లో మద్రాసులోనూ తరువాత హైదరాబాదు హెబ్రోనులోనూ నెలకొల్పిన సహవాసాల్లో శాఖల కట్టుబాట్ల కంటే గ్రంథానికే పెద్దపీట వేశాడు. ఇద్దరి తెలుగు అనుచరులూ చేతపట్టింది మాత్రం సమితులు కూర్చుని దిద్దిన పాఠాన్నే. సొంత గ్రహింపు అన్నది కూడా ఎవరో ఎంచిపెట్టిన మాటల మీదుగానే నడుస్తుంది.

వాక్యార్థాన్ని తేల్చేది ఎవరన్న ప్రశ్న భిలాయిలో మరింత చిక్కుపడింది. మలంకర ఆర్థడాక్స్ సంఘపు కలకత్తా మేత్రాసనానికి, అంటే బిషప్పు అధికార పరిధికి, కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది. సిరియక్ ఆరాధనా సంప్రదాయం నుంచి వచ్చిన ఆ మలయాళీ క్రైస్తవులకు లేఖనార్థాన్ని తేల్చేది ఒంటరి చదువరి కాదు, తరతరాల సంఘ పరంపర. వారి పొరుగున ఉండే తెలుగు కుటుంబాల్లో పెద్దలు గ్రాంథిక ఛాయలున్న పాత తర్జుమాను పట్టుకుని ఉండగా, హిందీ బడుల్లో చదివి తెలుగు మాట్లాడడమే తప్ప లిపి అలవడని పిల్లలు హిందీ బైబిలు తెరుస్తారు. ఒకే వచనం రెండు రకాలుగా వినిపించినప్పుడు ఏది సరైనదో తేల్చడానికి హీబ్రూ, గ్రీకు మూలాలు చదవగల బోధకుడు కావాలి. అటువంటివారు చిన్న సంఘాలకు అరుదుగా దొరుకుతారు గనుక, ఆ తీర్పు చాలావరకు ఇంటి ప్రార్థనలోనే, తండ్రికీ కొడుక్కీ మధ్యనే జరిగిపోతుంది.