మూతా, నీరూ, గాలీ

కొత్తిల్లు కట్టుకున్న ఇల్లాలు చుట్టాలకి వంటిల్లు చూపిస్తుంది, దేవుడి గూడు చూపిస్తుంది, గ్రైండరు పెట్టుకున్న గట్టు కూడా చూపిస్తుంది. పెరటివేపున్న ఆ చిన్న తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇది మామూలే లెండి" అంటూ ముందుకి నడిపించేస్తుంది. మామూలే గానీ, ఆ తలుపు వెనకాల రెండువేల ఏళ్ళ చరిత్ర దాక్కుని ఉంది. రాజుల చరిత్రలో కిరీటాలు మారుతూ వచ్చాయి. ఈ చరిత్రలో ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే: కంపు పోవడం ఎలా? దానికి మనిషి కనిపెట్టిన జవాబులు ముచ్చటగా మూడు. మూత, నీరు, గాలి.

మొదటి జవాబు మన పల్నాటివాళ్ళకి దగ్గర చుట్టమే. బొల్లాపల్లి నుంచి మాచర్ల వేపు పోయి, అదీ దాటితే నాగార్జునకొండ. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు విజయపురి అనే పేరుతో రాజధాని పెట్టుకున్న చోటు. అక్కడ మగవాళ్ళు యాగాలు చేస్తే, ఆ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి చైత్యాలూ విహారాలూ కట్టించారు. చాంతిసిరి అనే రాజకుటుంబపు స్త్రీ పేరు మహాచైత్యం శాసనాల్లో ఈనాటికీ నిలిచి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, సాగర్ నీళ్ళలో మునిగిపోబోయే కట్టడాల్లో ముఖ్యమైనవి కొన్నిటిని కొండమీదికి చేర్చారు.

విహారమంటే పదుల కొద్దీ భిక్షువులు ఒకే చోట బతకడం. ధ్యానం సంగతి తరవాత, పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలన్నది మొదటి సమస్య. బౌద్ధులు దీన్ని చిన్నచూపు చూడలేదు. పాళీ వినయపిటకంలో మరుగుదొడ్డికి ప్రత్యేకంగా నియమాలే ఉన్నాయి. భిక్షువులు ఆరామంలో ఎక్కడపడితే అక్కడ కూచుంటే కంపు కొట్టింది. ఒక పక్కగా చోటు ఏర్పాటు చేసుకోమన్నారు బుద్ధుడు. గుంట తవ్వుకుంటే గుంట కంపు కొట్టింది. మూత పెట్టమన్నారు. లోపలికి వెళ్ళబోయేవాడు బయట నిలబడి దగ్గాలి, లోపలున్నవాడు బదులుగా దగ్గాలి. నీళ్ళు అయిపోతే నింపాలి. మురికిగా ఉంటే చూసినవాడే కడగాలి.

మన ఉమ్మడి కుటుంబాల్లో గోడకి రాసి పెట్టుకోదగ్గ మాటలు కదూ! చివరి మాట మరీను. చూసినవాడే కడగాలి. దీన్ని కొంగున ముడేసుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక రెండో జవాబు, నీరు. ఇది ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ సర్ జాన్ హారింగ్టన్ అనే ఆయన 1596లో నీళ్ళు వదిలితే కొట్టుకుపోయే మరుగుదొడ్డి గురించి పుస్తకమే రాశాడు. ఎలిజబెత్ రాణి ఆయనకి జ్ఞానమాత. రాణిగారి భవనంలోనూ ఒకటి అమర్చాడు. కానీ కిందకి పోయేది కిందకి పోయినా, వాసన మాత్రం పైకి తిరిగి రాకుండా ఆపే ఉపాయం అందులో సరిగ్గా కుదరలేదు. ఆ తరవాత నూట ఎనభై ఏళ్ళకి, 1775లో, అలెగ్జాండర్ కమింగ్ దారి చూపించాడు. ఆయన గడియారాలు చేసేవాడు. తిన్నగా ఉన్న గొట్టాన్ని పాములా వంచాడు. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. కింది వాసన ఆ నీళ్ళని దాటి రాలేదు. అంతే! అంటే నీళ్ళనే మూతగా పెట్టాడన్నమాట. ఈనాటికీ మీ ఇంట్లో, మా ఇంట్లో కాపలా కాస్తున్నది ఆ వంపులో నీళ్ళే.

అయితే నీళ్ళు కంపుని చంపవు, పక్కకి తోస్తాయి. లండనులో అదే జరిగింది. అందరి ఇళ్ళ మురుగూ థేమ్స్ నదిలోకి చేరింది. ఆ నది నీళ్ళే చాలామంది తాగారు. కలరా వచ్చింది. వాసనే రోగం తెస్తుందని పెద్దలు నమ్మేవాళ్ళు. కాదు, నీళ్ళు తెస్తున్నాయని 1854లో జాన్ స్నో అనే డాక్టరు ఒక వీధి పంపు చుట్టూ చచ్చిపోయిన వాళ్ళ లెక్క తీసి చూపించాడు. వెంటనే నమ్మినవాళ్ళు తక్కువ. 1858 ఎండాకాలంలో నది ఎంత కంపు కొట్టిందంటే, పార్లమెంటు కిటికీల తెరలు సున్నపు క్లోరైడులో తడిపి వేళ్ళాడదీశారు. పేదల పేటలు ఏళ్ళ తరబడి భరించిన కంపు సభ్యుల ముక్కులకి తగిలాకే డబ్బు మంజూరైంది. బాజల్జెట్ అనే ఇంజనీరు నగరం కింద పెద్ద కాలవలు కట్టాడు. వాసన పోవాలని కట్టిన కాలవలు కలరానీ తగ్గించాయి.

మూడో జవాబు గాలి. ఇది సముద్రం మీద నేర్చుకున్న పాఠం. పాత తెరచాప ఓడల్లో నావికుల మరుగుదొడ్డి ఓడ ముక్కు దగ్గరుండేది. గాలి వెనకనుంచి తోస్తుంది కనక వాసన ముందుకే పోతుంది. అందుకే ఇంగ్లీషు నావికులు దాన్ని ఇప్పటికీ "హెడ్" అనే అంటారు, అంటే తల అని! ఓడ అడుగున నిలిచిన మురుగునీళ్ళ గాలి పీల్చి ప్రాణాలు పోగొట్టుకున్న నావికులూ ఉన్నారు. 1740లలో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు ఓడల్లోకి గాలి తోసే పెద్ద తిత్తులు తయారుచేశాడు.

తెరచాప పడవ మనకెక్కడిది అంటారేమో! 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐ.ఎన్.ఎస్.వి. తారిణి బయలుదేరింది. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడపిల్లలు దాన్లో భూమి చుట్టివచ్చి, 2018 మే 21న తిరిగి గోవాలో దిగారు. అందులో స్వాతిది మన విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. పడవ పొడవు 55 అడుగులు. మన పెంకుటింటి వరండా కన్నా కాస్త పొడుగు. తుఫాను వేళ తలుపులన్నీ బిగించుకున్నాక అలాంటి పడవలో కిటికీ తీద్దామన్నా వీలుకాదు. అక్కడ కంపు చిరాకు మాత్రమే కాదు. కడుపులో తిప్పే మనిషిని మంచాన పడేస్తుంది.

ఒకప్పుడు పడవల్లోంచి అన్నీ నేరుగా సముద్రంలోకే పోయేవి. 1972లో అమెరికా నీటి చట్టం చేశాక, తీరం దగ్గర నీళ్ళు పాడవకుండా, పడవలోనే తొట్టి పెట్టి దాచే పద్ధతి బలపడింది. తొట్టితో పాటు కంపూ వచ్చింది. పడవల వాళ్ళు అత్తర్లు పోశారు, మందులు పోశారు. చివరికి అసలు సంగతి తేలింది. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్ళిన గుడ్డు వాసనకొట్టే హైడ్రోజన్ సల్ఫైడు పుట్టిస్తాయి. గాలి ఆడే చోట పనిచేసే జీవులు అంత కంపు పుట్టించవు. కాబట్టి తొట్టికి సన్నటి గొట్టం చాలదు. వెడల్పాటి గాలిగొట్టం ఉండాలి, రెండుంటే మరీ మంచిది, ఒకదాన్లో వచ్చి ఇంకోదాన్లో పోతుంది.

ఇంకో విచిత్రం చూడండి. పడవలో కంపు చాలాసార్లు తొట్టిది కానే కాదు. కడగడానికి తోడిన సముద్రపు నీళ్ళు గొట్టంలో నిలిచి, అందులోని చిన్న జీవులు చచ్చి కుళ్ళుతాయి. మంచినీళ్ళతో కడిగి వదిలితే సరిపోతుంది. రబ్బరు గొట్టమే వాసన పీల్చుకుందా అని తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో గొట్టాన్ని తుడిచి, ఆ గుడ్డ వాసన చూడ్డం. కంపు కొడితే గొట్టం మార్చాల్సిందే, ఎన్ని అగరొత్తులు వెలిగించినా లాభం లేదు.

మన ఇళ్ళ సెప్టిక్ ట్యాంకు కూడా ఈ తొట్టికి అక్కే. 1895లో ఇంగ్లండులో డొనాల్డ్ కామెరాన్ ఆ పేరు పెట్టాడు. పది రోజులు పుట్టింటికి పోయి వచ్చేసరికి స్నానాలగది కంపు కొడుతోందా? వంపులో నీళ్ళు ఆరిపోయి ఉంటాయి. చెంబెడు నీళ్ళు పోయండి. అయినా పోకపోతే ట్యాంకు గాలిగొట్టం డాబాకన్నా పైకి ఉందా, దాని మూతి పూడిందా అని చూపించండి. గొట్టం పురుగుల కోసం కట్టిన జాలీ దుమ్ముతో మూసుకుపోవడమూ కద్దు. ఎవరినీ ట్యాంకులోకి మాత్రం దింపకండి. ఆ గాలి ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియకుండా పోతుంది. కంపు లేదు కదా అని దిగిన మనిషి మళ్ళీ పైకి రాడు.

కొంగున ముడేసిన మాట ఇప్పుడు విప్పుదాం. చూసినవాడే కడగాలన్నారు భిక్షువులు. మన సమాజం మాత్రం చూసేవాళ్ళని వేరు, కడిగేవాళ్ళని వేరు చేసింది. మన ఇంటి కంపుని తట్టలో పెట్టి ఇంకొకరి నెత్తిన పెట్టింది. ఆ తట్ట మోసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కోలారు బంగారుగనుల్లో అలాంటి ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్, మన రాష్ట్రంలో పనిచేసిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ తోడుగా దీనిమీద ఉద్యమం నడిపాడు. 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. విల్సన్‌కి 2016లో మెగసెసే బహుమతి ఇచ్చారు. చట్టాలొచ్చినా ట్యాంకుల్లో మనుషులు చచ్చిపోవడం మాత్రం ఆగలేదు.

బొల్లాపల్లి లాంటి మెట్ట ఊళ్ళలో, తండాల్లో ఇంకో చిక్కుంది. బిందె నీళ్ళు మోసుకొచ్చే ఆడమనిషి సగం బిందె మరుగుదొడ్లో ఎలా పోస్తుంది? పోయకపోతే కంపు. కంపు కొడితే ఆ గది కట్టెలు పెట్టుకోవడానికి పోతుంది, ఆడపిల్ల చీకట్లో చెంబు పట్టుకుని బయటికి పోతుంది. దీనికి 1970లో పాట్నాలో బిందేశ్వర్ పాఠక్ సులభ్ పేరుతో మంచి దారి చూపించాడు. బాగా ఏటవాలు పళ్ళెం, వంపులో 20 మిల్లీమీటర్ల నీరు, లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. రెండు గుంటలు. ఒకటి నిండితే రెండోది వాడతారు. గోడలకి వదిలిన కంతల్లోంచి గాలి మట్టిలోకి ఇంకిపోతుంది. రెండేళ్ళకి మొదటి గుంటలో మిగిలేది వాసనలేని ఎరువు. ఎవరి నెత్తినా తట్ట ఉండదు.

అందుకని ఈసారి ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని వంటింటి గట్టు ఎత్తు గురించి అడిగినంత శ్రద్ధగా ఇదీ అడగండి. మూత బిగువుగా ఉందా, వంపులో నీరు నిలుస్తోందా, గాలికి దారి వదిలావా అని. సిగ్గుపడాల్సిందేమీ లేదు. బుద్ధుడంతటివాడే మాట్లాడిన విషయం.