రాని అద్దె, తరుగని వడ్డీ

తన ఇంట తాను కాపురముండు గృహస్థు ఎవనికిని అద్దె చెల్లింపడని లోకమెరుగును. కాని అతడు తన యింటి అద్దెను తానే ఆర్జించుచున్నాడని 1922వ సంవత్సరపు భారత ఆదాయపుపన్ను చట్టము భావించెను. ఇంటిని పరులకిచ్చినచో ఏటేట న్యాయముగా ఎంత రాగలదో అంత దాని వార్షిక మూల్యమని నిర్ణయించి, యజమానియే అందు నివసించుచున్నను, అతని మొత్తము ఆదాయములో పదవవంతు మించకుండ దానిని ఆదాయముగా గణించుట ఆ చట్టపు తొమ్మిదవ సెక్షను పద్ధతి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, చేతికి దమ్మిడీయైన రాని ఈ అద్దె పన్ను పద్దులలోనికెక్కినది.

అయితే ఊహలోని రాబడిని లెక్కించిన చట్టము నిజమైన వ్యయమును విస్మరింపజాలదు గనుక, ఇల్లు తాకట్టులోనున్నచో ఆ ఋణముపై వడ్డీని రాబడినుండి తీసివేయుటకు ఆ సెక్షనే అనుమతించెను. ఈ మినహాయింపునకు మూలము ఋణగ్రస్తునిపై జాలి గాదు. ఆర్జనకైన ఖర్చు పోగా మిగిలినదానిపైననే పన్ను వేయవలెనను లెక్కల నీతి. 1961వ సంవత్సరపు చట్టమును ఇరువది నాల్గవ సెక్షనులో ఆ నీతినే నిలిపినది.

1986 నాటి ఫైనాన్సు చట్టము, 1987-88 మదింపు సంవత్సరము మొదలుకొని, స్వగృహపు వార్షిక మూల్యము శూన్యమని ప్రకటించినది. అద్దెతోపాటు వడ్డీ మినహాయింపును తొలగవలసినదే. కాని అది ఏటికి 5,000 రూపాయల హద్దులో నిలిచిపోయినది. శూన్యమునుండి వడ్డీని తీసివేయగా తేలిన నష్టమును జీతము మొదలగు ఇతరాదాయములలో సర్దుకొనవచ్చును గనుక, అంతవరకు లెక్కగానున్నది అటుపిమ్మట కానుకయైనది. ఇల్లు కట్టుకొనువారిని ప్రోత్సహింపదలచిన ప్రభుత్వములు ఆ హద్దును క్రమముగా పెంచుచు, 1999లో 75,000 రూపాయలకును, 2001లో 1,50,000 రూపాయలకును, 2014లో 2,00,000 రూపాయలకును చేర్చినవి; నిర్మాణము ముగియుటకు ముందు సంవత్సరములలోని వడ్డీనిగూడ ఐదు సమభాగములుగా ఆ హద్దులోపల చూపుకొననిచ్చినవి.

ఇచ్చిన చేయియే కానుకను వెనుకకు తీసికొనగలదు. 2020లో వచ్చిన తక్కువ రేట్ల నూతన విధానమును ఎన్నుకొన్నవారికి స్వగృహపు వడ్డీ మినహాయింపు లేకుండ పోయినది. అద్దెకిచ్చిన ఇంటి విషయములో మాత్రము, నిజముగా చేతికి వచ్చిన అద్దెనుండి వడ్డీని తీసివేయు పద్ధతి ఆ విధానమునందును 1922లో వలెనే సాగుచున్నది.