వాలెన్సియా ఫాయాస్ ఉత్సవం: నిషేధం, బహుమతి, వీధిభాష

ప్రస్తావన

స్పెయిన్ తూర్పుతీరంలోని వాలెన్సియా నగరంలో ఏటా మార్చి 15 నుంచి 19 వరకు ఫాయాస్ అనే వసంతోత్సవం జరుగుతుంది. కొయ్యచట్రాల మీద తేలికపాటి పదార్థాలతో రూపొందించిన ఎత్తైన వ్యంగ్యశిల్పాలను కూడళ్లలో నిలిపి, 19వ తేదీన సెయింట్ జోసెఫ్ పర్వదినపు రాత్రి వాటిని దహనం చేస్తారు. మొత్తం నిర్మాణాన్ని ‘ఫాయా’ అనీ, అందులోని ఒక్కొక్క బొమ్మను ‘నినోత్’ అనీ అంటారు. 2016లో యునెస్కో ఈ ఉత్సవాన్ని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పర్యాటక సాహిత్యం ఫాయాస్‌ను వడ్రంగుల ఆచారంగా పరిచయం చేస్తుంది. చలికాలంలో దీపాలు తగిలించుకోవడానికి వాడిన కొయ్యస్తంభాలను, పగలు పెరిగి వాటి అవసరం తీరగానే, వడ్రంగులు తమ పనిశాలల ముందు తగలబెట్టేవారని ఆ కథనం. సెయింట్ జోసెఫ్ వడ్రంగుల రక్షకుడు కావడంతో కథ చక్కగా అతికింది. అంత చక్కగా అతకడమే అనుమానానికి తావిస్తుంది. లాటిన్‌లో చిన్న కాగడాను సూచించే ‘ఫాకులా’ నుంచి ‘ఫాయా’ అనే మాట వచ్చింది. ఋతువులు మారే వేళ మంటలు వేయడం ఐరోపా అంతటా కనిపిస్తుంది. తెలుగు పాఠకులకు కామదహనం, భోగిమంట గుర్తుకు రావడం సహజమే గాని, ఆ పోలికకు చారిత్రక సంబంధమేదీ ఆధారం కాదు. మంట ఎంత ప్రాచీనమైనదనే ప్రశ్న కంటే, ఆ మంటలో ఎవరిని తగలబెట్టారు, అందుకు ఎవరు అభ్యంతరం చెప్పారు అన్న ప్రశ్నలే చరిత్రకారునికి ఎక్కువ ఫలితాన్నిస్తాయి.

వీధి పరిహాసం – ల్యిబ్రెత్

19వ శతాబ్దపు ఫాయా చిన్నది. ఒక వేదిక, దాని మీద పాత బట్టలు తొడిగిన రెండు మూడు బొమ్మలు, అంతే. ఆ బొమ్మలు ఆ పేటవారికి తెలిసిన మనుషులవి: జారత్వం బయటపడ్డ పెద్దమనిషి, తూకంలో మోసం చేసే వర్తకుడు, వయసు మరచిన వరుడు. ఆ బొమ్మల భావం బయటివారికి అందదు. ఆ లోటును పూరించడానికి పుట్టిన పద్యపుస్తికే ‘ల్యిబ్రెత్’. దీనికి తొలి ఉదాహరణగా పండితులు పేర్కొనేది 1855లో అల్మోది కూడలి ఫాయా కోసం జోసెప్ బెర్నాత్ ఇ బల్దొవీ (1809–1864) రాసిన ‘కుందేలు, విసెంతెతా, దోన్ ఫకుందో’. వాలెన్సియా పలుకుబడిలో కుందేలుకు ఒక శృంగారార్థం ఉంది. పుస్తిక నడకంతా ఆ ద్వ్యర్థి మీదే ఆధారపడింది.

రచయిత సామాజిక స్థానాన్ని గమనించాలి. బెర్నాత్ న్యాయశాస్త్రం చదివినవాడు, స్పెయిన్ పార్లమెంటు సభ్యుడిగా పనిచేసినవాడు. 1707లో వాలెన్సియా రాజ్యపు సొంత శాసనాలు రద్దయిన తరువాత న్యాయస్థానాల్లోనూ పాలనలోనూ కాస్తిలియన్ (స్పానిష్) స్థిరపడింది. వాలెన్సియన్ ఇంటి భాషగా, బజారు భాషగా మిగిలింది. కార్యాలయంలో కాస్తిలియన్ రాసే వ్యక్తి వీధి కోసం వీధిభాషలోనే, వినిపించినట్టు అక్షరాలు పేర్చి రాశాడు. వ్యాకరణవేత్తలు తరువాతి కాలంలో ఆ వర్ణక్రమాన్ని తప్పుపట్టారు. 1932లో కాస్తెల్యోలో ప్రామాణిక లేఖన నియమాలు ఆమోదం పొందేదాకా, నిజానికి ఆ తరువాత కూడా, ల్యిబ్రెత్‌లలో వీధి ఉచ్చారణే కొనసాగింది. మాండలిక పరిశోధకులకు అవి విలువైన ఆధారాలు కావడానికి కారణం ఆ ‘తప్పు’లే.

పన్ను నుంచి బహుమతికి

నగరపాలకులకు ఈ పరిహాసం రుచించలేదు. 18వ శతాబ్ది చివర్లోనే ఇరుకు వీధుల్లో ఫాయాలను నిలపరాదని ఆంక్ష వచ్చింది. అగ్నిప్రమాద భయం అందుకు న్యాయమైన కారణమే. 19వ శతాబ్దపు ఆంక్షల ఉద్దేశం వేరు. అశ్లీలం, అసభ్యం, అనాగరికం అన్నవి అప్పటి అధికారుల ఆరోపణలు. 1851లో ఫాయాలను నిషేధించారు. నిషేధం నిలవకపోవడంతో పన్ను మార్గం పట్టారు. 1880లలో ఒక్కో ఫాయాకు అనుమతి రుసుము 60 పెసెతలకు చేరింది. పేటవాసులు చందాలు వేసుకుని భరించగల మొత్తం కాదది. 1886లో నగరంలో ఒక్క ఫాయా కూడా లేవలేదు.

ఈ మలుపు తరువాత జరిగినదే ఉత్సవచరిత్రలో కీలకం. ‘లా త్రాకా’ అనే వ్యంగ్యపత్రిక ఫాయాల పక్షం వహించి, 1887లో ఉత్తమ ఫాయాలకు పురస్కారాలు ప్రకటించింది. వాలెన్సియన్ భాషాసంస్కృతుల కోసం 1878లో ఏర్పడిన ‘లో రాత్ పెనాత్’ సంస్థ 1895 నుంచి బహుమతులిచ్చింది. 1901లో నగరపాలక సంస్థే ఆ పని చేపట్టింది. పదిహేనేళ్ల కిందట రుసుముతో అణచిన సంస్థ ఇప్పుడు బహుమతితో ఆహ్వానించింది. దీనిని ఫాయాల విజయంగా చెప్పుకోవడం పరిపాటి. అది సగం నిజం. న్యాయనిర్ణేతల మెప్పు కోసం ఫాయా ఎత్తు పెరిగింది. పేటవాసి స్థానంలోకి వృత్తికళాకారుడు వచ్చాడు. పక్కింటి పెద్దమనిషి బొమ్మ తొలగి ఉపమానశిల్పాలు వెలిశాయి. నిషేధానికి లొంగని పరిహాసాన్ని బహుమతి మర్యాద నేర్పి లొంగదీసిందనడం అతిశయోక్తి కాదు. 1927లో మాద్రిద్ నుంచి సందర్శకులను తీసుకువచ్చిన ప్రత్యేక రైలుతో ఫాయా తన పేటకు వెలుపలి ప్రేక్షకులనూ సంపాదించుకుంది.

1934లో మొదలైన ‘క్షమాభిక్ష’ సంప్రదాయంలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. కళాకారుడు రెజినో మాస్ సూచన మేరకు, ఏటా ఒక నినోత్‌ను ప్రజాభిప్రాయంతో మంట నుంచి తప్పిస్తున్నారు. తొలిసారి దక్కినది విసెంత్ బెనెదీతో రూపొందించిన ముసలమ్మ–మనవరాలి జంట. ఎగతాళి కోసం చేసిన బొమ్మ కాదది, వాత్సల్యం పుట్టించేది. అలా దక్కిన బొమ్మలు నేడు ఫాయాస్ ప్రదర్శనశాలలో ఉన్నాయి. కాబట్టి అక్కడి బొమ్మలు మాత్రమే చూసి ఈ కళను అంచనా వేసేవారికి దాని కరుకుదనం పూర్తిగా తెలియదు.

నియంతృత్వం, తరువాత

అంతర్యుద్ధం ముగిసిన 1939లోనే ఉత్సవ నిర్వహణకు కేంద్రమండలి ఏర్పడింది. ఫాయా చిత్తుచిత్రాన్నీ ల్యిబ్రెత్ పాఠాన్నీ ముందుగా సెన్సారుకు సమర్పించాల్సి వచ్చింది. 1940లలో చేరిన పుష్పసమర్పణ ఉత్సవానికి మతగౌరవాన్ని జోడించింది. వాలెన్సియా పోషకదేవతగా కొలిచే నిరాశ్రయుల మాతకు సంప్రదాయ దుస్తుల్లో స్త్రీలు పూలు తెచ్చే ఈ ఘట్టాన్ని నేడు చాలామంది అనాది ఆచారమనుకుంటారు. పాలకుల మీద పరిహాసం అసాధ్యమైన ఆ కాలంలో ల్యిబ్రెత్ మరో విధంగా ఉపకరించింది. బడికీ పత్రికకూ దూరమైన వాలెన్సియన్ ఏటా బహిరంగంగా అచ్చులో కనిపించిన కొద్ది చోట్లలో అదొకటి. పద్యాల స్థాయి చాలావరకు సామాన్యమే. అయినా భాషాచరిత్రలో వాటి స్థానాన్ని కవిత్వగుణంతో మాత్రమే తూచలేం.

ప్రజాస్వామ్యం వచ్చాక రాజకీయ వ్యంగ్యం తిరిగివచ్చింది. నాయకుల బొమ్మలు నిరాటంకంగా కాలుతున్నాయి. మరోవైపు, పోటీ పెంచిన ఎత్తుకు కొయ్య, అట్ట చాలక పాలీస్టైరీన్ ప్రవేశించింది. దాని నల్లని పొగ నేటి పర్యావరణ వివాదాలకు మూలం. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఉత్సవం ఆగినప్పుడు, పురపాలక కూడలిలో అసంపూర్ణంగా నిలిచిన ధ్యానస్త్రీ శిల్పపు ముఖానికి మాస్క్ తగిలించారు. మరుసటి ఏడు ఫాయాస్ వసంతంలో కాక సెప్టెంబరులో జరిగాయి.

నేడు సుమారు 400 కమిటీలు ఫాయాలను నిలుపుతున్నాయి. ల్యిబ్రెత్‌లు వ్యాసాలు, ప్రకటనలు, సభ్యుల ఛాయాచిత్రాలతో నిండి, కొన్నిచోట్ల వందల పుటల సంచికలుగా పెరిగాయి. వాలెన్సియన్ భాషావ్యాప్తికి తోడ్పడిన ల్యిబ్రెత్‌లకు ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చే బహుమతుల కోసం పోటీపడే కమిటీలు ఇప్పుడు వర్ణక్రమాన్ని జాగ్రత్తగా దిద్దుకుంటున్నాయి.