ఏడు షిల్లింగుల భోజనం



పూర్వం రైలు ప్రయాణమంటే మనవాళ్ళు ముందు పులిహోర కలిపేవారు, ఆ తర్వాతే పెట్టె సర్దేవారు. ఇప్పుడు విమానమెక్కి సముద్రాలు దాటుతున్నా ఆ అలవాటు పోలేదు. పోనక్కరలేదు కూడా. పరదేశం వెళ్ళినప్పుడు టిక్కెట్టు ఖర్చు ఒక్కసారితో సరి. గది అద్దె ముందే తెలిసిపోతుంది. పూటపూటకీ పర్సు తెరిపించేది తిండి ఒక్కటే. అందుకే పొదుపు చేయాలనుకునే ఇల్లాలి చూపు మొదట దానిమీదే పడుతుంది.

నా చూపూ అలాగే పడింది. కొన్నేళ్ళ క్రిందట మా అన్నయ్య టిక్కెట్లు కొంటే మా అమ్మా, మావారూ, నేనూ లండను వెళ్ళాం. అక్కణ్ణుంచి మూడు రోజులు పారిస్ చూద్దామనుకున్నాం. ఆ ఖర్చు మాది. కందిపొడి, కారప్పొడి, అటుకులు, పులిహోర గుజ్జు, నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్ అన్నీ పట్టుకుపోయాను. మూడు రోజులూ గదిలోనే అటుకులు నానబెట్టి తాలింపు లేని ఉప్మా చేశాను. ఒక సాయంత్రం నది ఒడ్డున కాఫీ దుకాణం బయట కుర్చీలు వేసివుంటే మా అమ్మ ఆగి, "ఇక్కడ కాసేపు కూర్చుని కాఫీ తాగుదామే" అంది. ధర చూశాను. కప్పు అయిదు యూరోలు. తొంభైతో గుణించాను. "అమ్మా, ఒక్క కాఫీ నాలుగు వందల యాభై!" అన్నాను. "వద్దులే, గదికి పోయాక తాగుదాం" అంది అమ్మ.

ఇంటికి వచ్చాక చుట్టుపక్కలవాళ్ళు అడిగారు, "పారిస్‌లో ఏం తిన్నారు పిన్నిగారూ?" అని. మా అమ్మ నవ్వుతూ "అటుకులు. మన అటుకులే" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను గాని, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది.

ఆ ముల్లు అలాగే ఉండగా గాంధీగారి ఆత్మకథ మళ్ళీ చదివాను. స్కూలు ఫైనల్ రోజుల్లో పరీక్ష కోసం చదివిన పుస్తకమే. అప్పుడు సత్యం, అహింస అంటూ జవాబులు వ్రాశాను. అందులో పరదేశంలో తిండి ఖర్చు తగ్గించుకోవడం ఎలాగో ఇంత చక్కగా ఉందని అప్పుడు తట్టనే లేదు.

1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కేనాటికి ఆయనకి ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి బయలుదేరారు. ఓడలో ఏ వంటకంలో ఏముందో అడగడానికి సిగ్గు. అందుకని ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళే ఎక్కువగా తింటూ గదిలోనే గడిపారు. చూశారా, ఆయన వెంట కూడా తిండి మూట ఉంది!

లండనులో దిగి విక్టోరియా హోటల్లో బస చేశారు. కొద్ది రోజులకే బిల్లు మూడు పౌన్లు అయ్యింది. అంత డబ్బు ఇచ్చినా దాదాపు పస్తే. ఒక వంటకం తెప్పించుకుంటే నోటికి ఎక్కదు. ఇంకొకటి తెప్పిస్తే అదీ అంతే. తిన్నా తినకపోయినా రెండింటికీ డబ్బు కట్టాలి. చివరికి బొంబాయినుంచి తెచ్చుకున్నదే కడుపుకి ఆధారమైంది. పరదేశంలో డబ్బు పోయేది ఖరీదైన తిండివల్ల మాత్రమే కాదు, ఏమిటో తెలియక తెప్పించుకుని వదిలేసిన తిండివల్ల కూడాను.

తర్వాత ఒక ఇంటామె దగ్గర భోజనం, బస. ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరలు. మధ్యాహ్నమూ రాత్రీ ఆకుకూర, రొట్టె, జాము. రెండు మూడు ముక్కలకన్నా ఎక్కువ అడగడానికి మొహమాటం. తర్వాత మారిన ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు బలవంతం చేసి ఇంకో ముక్క వేసేవారట. కాని ఆయన ఆకలికి రొట్టె మొత్తం కావాలి!

శాకాహార హోటళ్ళు ఉన్నాయని ఆ ఇంటామే చెప్పింది. అప్పట్నుంచి రోజూ పది పన్నెండు మైళ్ళు నడిచి వెతికారు. చవక హోటల్లో దూరి రొట్టెతో కడుపు నింపుకునేవారు గాని తృప్తి లేదు. ఒకరోజు ఫారింగ్‌డన్ వీధిలో అలాంటి హోటలు కనబడింది. అద్దాల బీరువాలో అమ్మకానికి పెట్టిన పుస్తకాల్లో హెన్రీ సాల్ట్ శాకాహారం గురించి వ్రాసిన పుస్తకం ఉంటే, ఒక షిల్లింగు ఇచ్చి కొని, లోపలికి వెళ్ళి భోజనం చేశారు. ఇంగ్లండులో అడుగుపెట్టాక కడుపునిండా తిన్న మొదటి పూట అదే.

ఇక లెక్కల సంగతి. చదువుకి డబ్బు సర్దినది అన్నగారు. ఆ ఎరుకతో ప్రతి పెన్నీ చిట్టాలో వ్రాసి, పడుకోబోయేముందు నిలవ సరిచూసుకునేవారు. బండి ఛార్జీ, తపాలా బిళ్ళ, పేపరు ఖర్చు అన్నీ అందులోకే. ఒకే గదికి మారి, పొయ్యి ఒకటి పెట్టుకుని, ప్రొద్దుటి ఫలహారం తానే చేసుకున్నారు. ఓట్స్ జావ, కోకోకి కాచిన నీళ్ళు, అంతే. ఇరవై నిమిషాల పని. మధ్యాహ్నం బయట భోజనం. రాత్రికి గదిలో రొట్టె, కోకో. రోజుకి తిండి ఖర్చు ఒక షిల్లింగు మూడు పెన్నీలు.

ఆ రోజుల్లో షిల్లింగుకి పన్నెండు పెన్నీలు, పౌనుకి ఇరవై షిల్లింగులు. అంటే రోజుకి పదిహేను పెన్నీలు. ఆ మూడు పౌన్ల హోటలు బిల్లులో గది అద్దె కూడా ఉందనుకోండి, అయినా ఆ సొమ్ముతో ఈ పద్ధతిలో నలభై ఎనిమిది రోజులు తినవచ్చు! బయట తిన్నది ఒక్క పూటే, మిగతా రెండు పూటలూ గదిలో. ఇవాళ సెలవులకి విదేశం వెళ్ళేవారికి తెలిసినవాళ్ళు చెప్పే కిటుకు కూడా ఇదే కదండీ!

ఇక అసలు విహారయాత్ర. పారిస్‌లో మహాప్రదర్శనం జరిగింది 1889లో. ఐఫెల్ స్తంభం లేచింది దానికోసమే. ఆ ప్రదర్శనాన్ని మూడు కోట్లమందికి పైగా చూశారు. గాంధీగారూ చూశారు. ఆత్మకథలో 1890 అని ఉంది గాని, ఎన్నో ఏళ్ళ తర్వాత జ్ఞాపకం మీద చెప్పిన మాట కదా, ఒక్క ఏడాది తేడా పెద్ద తప్పేమీ కాదు.

పారిస్‌లో ఒక శాకాహార భోజనశాల ఉందని ముందే తెలుసుకున్నారు. అక్కడే గది తీసుకుని ఏడు రోజులున్నారు. ఊరి పటం ఒకటి, ప్రదర్శనం పటం ఒకటి చేతబట్టుకుని ఎక్కువగా కాలినడకనే తిరిగారు. తిండి దొరికే చోటే బస. ఈ చిన్న ఏర్పాటులో ఎంత తెలివి ఉందో, ఊరంతా తిరిగి కాళ్ళు పీకుతూ భోజనం కోసం వెతుక్కున్నవారికి తెలుస్తుంది.

అసలు పారిస్ చవక తిండికి క్రొత్త ఊరేమీ కాదు. రెస్టారెంటు అనే మాట పుట్టిందే అక్కడ. నీరసించినవాళ్ళకి బలమిచ్చే చారుకి అది పేరు. తర్వాత ఆ చారు అమ్మే అంగడికి వచ్చింది. 1850లలో డ్యువల్ అనే మాంసం వర్తకుడు, అమ్ముడుపోని ముక్కలతో చారు కాచి పనివాళ్ళకి చవకగా పెట్టడం మొదలుపెట్టాడు. పోను పోను అతని శాలలు ఊరంతా వెలిశాయి. వడ్డించేది ఆడవాళ్ళు. ప్రతి వంటకానికీ ధర వ్రాసి ఉండేది. ధర ముందే తెలిస్తే బిల్లు వచ్చేటప్పటికి గుండె దడ ఉండదు. ఇంగ్లండులో థామస్ కుక్ 1868లో హోటలు కూపన్లు పెట్టి యాత్రికుల భయం పోగొట్టినదీ ఇందుకే. భాష రాని దేశంలో ముందే కొనుక్కున్న కూపను చింపి ఇస్తే చాలు.

మరి ఇంత లెక్కగా ఉన్న గాంధీగారు పారిస్‌లో ఏం చేశారో తెలుసా? ఐఫెల్ స్తంభం రెండు మూడుసార్లు ఎక్కారు. మొదటి అంతస్తులో భోజనశాలలుండేవి. అంత ఎత్తున భోజనం చేశానని చెప్పుకోవడానికి మాత్రమే, అక్కడ కూర్చుని ఏడు షిల్లింగులు ఖర్చుపెట్టారు! ఏడు షిల్లింగులంటే ఎనభై నాలుగు పెన్నీలు. రోజుకి పదిహేను పెన్నీల లెక్కలో అయిదున్నర రోజుల తిండి ఒక్క పూటలో అయిపోయింది. ఆ డబ్బు పారేశానన్నట్టే ఆయన వ్రాసుకున్నారు. ఆ స్తంభం కూడా పిల్లల ఆటబొమ్మవంటిదేనని తేల్చేశారు. కాని దాచలేదు. ముప్పై అయిదేళ్ళు గడిచాక కూడా ఆ అంకె ఆయనకి గుర్తుంది.

మన ఇళ్ళలో ఇంకో రకం కథలున్నాయి. 1960లలోనూ 70లలోనూ దేశంలో విదేశీ మారకద్రవ్యం కరువు. ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని విమానం ఎక్కామని చెప్పే పెదనాన్నలూ మామయ్యలూ మనలో చాలామందికి ఉన్నారు. ఊరగాయ జాడీ వాళ్ళకి సరదా కాదు, ప్రాణాధారం. మనకేనా అంటే, బ్రిటన్‌లోనూ 1966లో విదేశ విహారానికి మనిషికి 50 పౌన్లకు మించి తీసుకుపోరాదని కట్టడి పెట్టారు. మన దగ్గర ఆ ఇరుకు తగ్గి, 2015 నుంచి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు. ఇప్పుడు మనల్ని ఆపేది చట్టం కాదు, మన చిట్టానే.

ఆ చిట్టా నేను ఎలా వ్రాశానో గాంధీగారి లెక్క చూశాక తెలిసింది. గదిలో రెండు పూటలు వండుకోవడం తప్పు కాదు. పొడులు మోసుకుపోవడం నామోషీ అసలే కాదు. ఆయన అలా మిగిల్చారు కాబట్టే ఒకపూట కోరిక తీర్చుకోగలిగారు. నేను మూడు రోజులూ మిగిల్చాను. దేనికోసం మిగిల్చానో మాత్రం మర్చిపోయాను.

ఈ మాటలన్నీ మా అమ్మకి చదివి వినిపించాను. అంతా విని ఆవిడ ఒక్కటే అంది: "ఆయన తన నోరు కట్టుకున్నాడు, తన నోటికి పెట్టుకున్నాడు. నువ్వు నా కాఫీ మిగిల్చావే."

నిజమే కదండీ. మనం ఇల్లు నడిపేటప్పుడు ముందు మన పళ్ళెంలోంచి తగ్గించుకుంటాం. ఆ అలవాటులో పక్కనున్నవాళ్ళ కప్పులోది కూడా అడగకుండానే తగ్గించేస్తాం. అందులోనూ అడగడం అలవాటు లేని పెద్దవాళ్ళది మరీ సులువు.

అందుకని ఈసారి ఎక్కడికి వెళ్ళినా, పక్క ఊరికయినా సరే, చిట్టాలో మొదటి పంక్తి వేరుగా వ్రాద్దామనుకుంటున్నాను. మనిషికో ఏడు షిల్లింగులు. ఎవరి కోరిక ఏమిటో ముందే అడిగి, ఆ సొమ్ము పక్కన పెట్టి, మిగతాదాంట్లో ఎంత గట్టిగానైనా పొదుపు చేస్తాను. అటుకులు మాత్రం మానను సుమండీ. వాటివల్లనే ఆ కాఫీ వస్తుంది.



(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)