హన్లేలో ఎర్ర వెలుగు, శ్రీహరికోటలో యానాదులు



2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడింది. అక్కడి ఖగోళ పరిశోధనశాల కెమెరాలు దాన్ని పట్టినాయి. అవి ధ్రువకాంతులు. ఆ ఫోటోలు చూసి, మా వేంపల్లె హాస్టల్లో "మనకు కనపడదా?" అని ఒకరినొకరు అడిగినాం. చదవడం మొదలుపెడితే అది చరిత్రలోకి తీసుకుపోయింది.

సూర్యుడి నుంచి విద్యుత్తు నిండిన రేణువులు పెద్ద ఎత్తున ఎగిసి భూమి వైపు వస్తాయి. భూమి అయస్కాంత శక్తి వాటిని ధ్రువాల దిక్కుకు మళ్లిస్తుంది. అవి పైగాలిలోని ఆక్సిజన్‌ను గుద్దితే వెలుగు పుడుతుంది. వంద కిలోమీటర్లు దాటిన ఎత్తులో పచ్చగా, 200 దాటితే ఎర్రగా ఉంటుంది. దక్షిణాన ఉన్నోళ్లకు భూమి గుండ్రం అడ్డమొచ్చి పచ్చ దాగిపోతుంది, పైనున్న ఎరుపే కనపడుతుంది. హన్లే సుమారు 33 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మన వేంపల్లె 14 దగ్గర. అందుకే మనకు కష్టం.

అయితే 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కూడా ఈ కాంతి కనపడినట్టు రికార్డుంది. అంతకుముందు 1859 సెప్టెంబరులో వచ్చిన సౌర తుఫానును బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీ పరికరాలు కొలిచినాయి. ఆ లెక్కలను శాస్త్రవేత్తలు ఇప్పటికీ చదువుతున్నారు. అదే కాలంలో నల్లమలలో, మన తండాల్లో పెద్దలూ ఆకాశం చూసినారు. కానీ మనోళ్లకు అక్షరం లేదు. ఏం చూసినారో రాసే చెయ్యి లేదు.

ఇప్పుడు సూర్యుణ్ణి కనిపెట్టి ఉండేది ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరి, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడింది. ఆ పేరు వింటే మనకు గర్వమే. కానీ ఆ దీవి ఒకప్పుడు యానాదుల ఇల్లు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఏరుకొని బతికినారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నారు, 1971లో అక్కడ ప్రయోగాలు మొదలైనాయి. యానాదులు ఆ దీవి వదిలి రావాల్సి వచ్చింది. మేము చదివిన పాఠాల్లో రాకెట్ ఉంది, యానాదుల పేరు లేదు.

రాకెట్ వద్దని మేము అనడం లేదు. ఆ నేల ఎవరిదో కూడా అదే పేజీలో ఉండాలంటున్నాం. మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనదే. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వాతాతల దగ్గర కూర్చోండి. వాళ్లు చూసిన తోకచుక్క, గ్రహణం, కరువు, వదిలిన ఊరు, అన్నీ అడిగి, తేదీ వేసి రాసి ఇక్కడ పెట్టండి. కొలాబా వాళ్లు చేసిన పని కూడా అదే.